కాలవ శివారున తెల్ల ద్రాక్ష

అల్ఫారెట్టా,
సెప్టెంబర్ 15, 2024

ప్రియమైన మామయ్యా,

వందనాలు. ఫోన్‌లో నేను అరవడం, మీరు “ఆఁ?” అనడం తప్ప మన మధ్య మాటలు సాగడం లేదని అత్తయ్య చెప్పింది. కొత్త హియరింగ్ ఎయిడ్ డ్రాయర్‌లోనే ఉందట కదా! సరే, అందుకే ఈ ఉత్తరం. పదకొండేళ్లకు ఈ దేశం వచ్చినదాన్ని ఇంకా తెలుగు రాస్తున్నానంటే ట్రాయ్‌లో మీరు నడిపిన ఆదివారం బడి వల్లే. తప్పులుంటే మాత్రం దిద్ది పంపకండి.

మా కంపెనీ పొలాలు, తోటలు కొంటుందని మీకు తెలుసు. కొనేముందు అక్కడి నీళ్ల సంగతి చూడటం నా పని. ఇన్నాళ్లూ కాలిఫోర్నియా బాదం తోటలే చూశాను. ఈసారి అర్జెంటీనా పంపిస్తున్నారు. మెండోసా అనే రాష్ట్రంలో, ఆండీస్ కొండల కింద ఒక ద్రాక్షతోట ఉంది. డెబ్బై ఏళ్ల కిందట నాటిన తెల్ల ద్రాక్ష, పేరు సెమియోన్. అమ్మకి ద్రాక్షతోట అని మాత్రం చెప్పాను. కిస్‌మిస్ అనుకుంది. నేను కాదనలేదు.

అది వైన్ తోట మామయ్యా. మీరు సంఘంలో డీకన్, పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివారు. అయినా మీకే చెబుతున్నాను. మీరు కోప్పడాలనుకున్నా ముందు నాలుగు ప్రశ్నలడిగి ఆ తర్వాతే కోప్పడతారు.

నాదీ ఒక ప్రశ్న. అక్కడ వాన దాదాపు పడదు. కొండల మీద మంచు కరిగి కాలవల్లోకి వస్తుంది, ఆ నీళ్లు తోటలకు వంతుల మీద వదులుతారు. కాగితాల్లో ఎంత చదివినా ఆ వంతు నాకు బుర్రకెక్కలేదు. మీ చిన్నప్పుడు గోదావరి కాలవ మీద ఇలాగే ఉండేదన్నారు కదా, ఎలా నడిచేది?

మీ మేనకోడలు,
అబీ

ట్రాయ్, మిషిగన్
సెప్టెంబర్ 28, 2024

అబిగేల్ తల్లికి,

మామయ్య ఆశీస్సులు. నేను కాగితం మీదే రాస్తాను, మీ అత్తయ్య మణి ఫోన్‌తో ఫొటోలు తీసి నీకు పంపుతుంది. ఇది మూడు పేజీలు వచ్చేలా ఉంది.

కోప్పడలేదు. నాలుగు కాదు, పది ప్రశ్నలున్నాయి. తెల్ల వైన్ తెల్ల ద్రాక్షతోనే చేస్తారా? ఎర్ర ద్రాక్ష గుజ్జు కూడా లోపల తెల్లగానే ఉంటుంది కదా, మరి ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? నేను ముప్ఫై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీ పెయింట్ షాపులో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. రంగు సంగతి తేలకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంకోటి. ఆ దేశం వాళ్లకి తోటలుండగా పై దేశాల వాళ్లు వెళ్లి ఎందుకు కొంటున్నారు? వాళ్లెందుకు అమ్ముతున్నారు?

వంతు సంగతి. మాది మొగల్తూరు వైపు. దాళ్వాకి, అంటే ఎండాకాలం పంటకి, నీళ్లు తక్కువ కాబట్టి కొన్నాళ్లు ఈ ఊళ్లకి, కొన్నాళ్లు ఆ ఊళ్లకి వదిలేవాళ్లు. కాలవ మీద లస్కరు అని ఒకడుండేవాడు. తూము తలుపు ఎత్తేది, దించేది అతనే. కలెక్టర్ ఎవరో మాకు తెలిసేది కాదు గానీ లస్కరు ఎవరో ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. నీ వంతు వచ్చినప్పుడు పెళ్లిలో ఉన్నా చావులో ఉన్నా పార పట్టుకుని చేలో ఉండాలి. అంతే వంతంటే.

మూడో పేజీ మొదలుపెట్టాను. మన సంఘంలో వినయ్ కుమార్ గారు తెలుసు కదా, నాతోపాటు రిటైర్ అయ్యారు. ఆయన చెప్పారు, ఆష్‌బర్న్‌లో కౌస్తుభ్ అనే కుర్రాడు మనవాళ్లని పోగుచేసి అర్జెంటీనా ద్రాక్షతోటలో వాటాలు అమ్ముతున్నాడట. తోటలో ఒక ఎకరం, పక్కన ఇంటి స్థలం. మీ అట్లాంటాలోనే ఒక పెద్ద కంపెనీతో కలిసి కొంటున్నారట. అది మీ కంపెనీయేనా? నువ్వు చూడబోయేది ఆ తోటేనా? మంచిదని నువ్వంటే వినయ్ గారు చేరతారు, నేనూ చేరతాను. బాగుందో లేదో ఒక్క మాట రాయి.

రత్నరాజు మామయ్య

తునుయాన్, మెండోసా
అక్టోబర్ 24, 2024

ప్రియమైన మామయ్యా,

వందనాలు. మీ రెండు పేజీలూ విమానంలో చదివాను, ఇక్కడికొచ్చాక మళ్లీ చదివాను. ఇక్కడ తూము తలుపు ఎత్తే మనిషిని తోమేరో అంటారు. అచ్చం మీ లస్కరే. తోట ఓనర్లు బ్యూనస్ ఐరిస్‌లో ఉంటారు, వాళ్ల పేరు ఇక్కడ ఎవరూ ఎత్తరు. తోమేరో పేరు మాత్రం అందరికీ తెలుసు.

రంగు సంగతి కనుక్కున్నాను. ఎరుపంతా తొక్కలోనే ఉందట. తొక్కతో నానబెడితే ఎరుపు, రసం పిండి వెంటనే తొక్క తీసేస్తే తెలుపు. ఈ సెమియోన్‌ని తెల్ల ద్రాక్ష అంటారు గానీ పండాక తొక్క రాగిరంగుకి తిరుగుతుందట. ఇక మీదట హాయిగా నిద్రపోండి.

తోట ఎంత బాగుందో మామయ్యా! మొదళ్లు నా నడుమంత లావు, మెలితిరిగి ఉన్నాయి. ఇప్పుడిప్పుడే చిగురు వేస్తోంది. వెనక మంచుకొండలు. ఇలాంటి చోటు భూమ్మీద ఎక్కువ లేదనిపించింది. పోయినేడు చేసిన వైన్ రుచి చూపించారు. నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేయాలి. పనిలో అదే పద్ధతి. తేనెపట్టు మైనం వాసన, వెనకాల నిమ్మ తొక్క. ఇంకో తెల్ల ద్రాక్ష తొరొంతేస్ ఉంది, దాని వాసన సన్నజాజులే. సముద్రం వైపు ఉరుగ్వేలో ఇంకో రకం, కొండ అవతల చిలీలో మరో రకం. పైదేశాల వాళ్లు ఎందుకు వస్తున్నారని అడిగారు కదా, కాలిఫోర్నియాలోనో ఫ్రాన్స్‌లోనో ఒక చెక్క కొనే డబ్బుకి ఇక్కడ తోటంతా వస్తుంది. ఇక్కడివాళ్లకి డాలర్లు కావాలి. డబ్బున్నవాళ్లకి ఎప్పటికీ చెడని సరుకు కావాలి, భూమిని మించింది ఏముంది?

నీళ్ల కొలతలు రేపు మొదలుపెడతాను.

కొండగాలికి ముక్కు ఎర్రబడిన,
అబీ

ట్రాయ్,
నవంబర్ 10, 2024

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ జవాబు అందింది, అర్థమైంది. “ఇలాంటి చోటు భూమ్మీద ఎక్కువ లేదు” అన్నావు, “భూమిని మించింది ఏముంది” అన్నావు. తిన్నగా చెప్పకుండా చెప్పావు, ఉద్యోగంలో ఉన్నదానివి కాబట్టి. తెలివైనదానివి.

వినయ్ కుమార్ గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కళ్లు మెరిశాయి. ఆయనా, నేనూ, మన సంఘంలో ఇంకో మూడు కుటుంబాలూ చేరాం. కౌస్తుభ్‌తో మాట్లాడాను, మర్యాదస్తుడు, “అంకుల్, అంకుల్” అంటూ ఓపిగ్గా చెప్పాడు. నేను తాగను, తాగమని చెప్పను. కానీ ద్రాక్ష పండించడంలో తప్పేముంది? నా మేనకోడలు నీళ్లు కొలిచిన తోటలో నాకొక ఎకరం ఉందంటే నాకు ఎంత బాగుందో నీకెలా చెప్పను! మణి మాత్రం “ఉమ్మేసేదానికి ఇంత ఖర్చేమిటి?” అంటోంది.

నా ఎకరంలో ఎన్ని మొదళ్లుంటాయి? వీలైతే ఒక ఫొటో.

మామయ్య

అల్ఫారెట్టా,
నవంబర్ 13, 2024

మామయ్యా,

ఏ ఎకరం? ఏ కౌస్తుభ్? నాకు మీ రెండు పేజీలే వచ్చాయి. అత్తయ్యకి ఇప్పుడే ఫోన్ చేశాను. మూడో పేజీ ఫొటో తీసింది గానీ పంపడం మర్చిపోయిందట. ఇవాళ పంపితే ఇప్పుడు చదివాను. నేను మీకు తోట అందం రాశాను మామయ్యా, కొనమని రాయలేదు!

అవును, అది మా కంపెనీయే, అదే తోట. మీకు చెప్పకూడనిది చెబుతున్నాను. కొన్నాక ఆ పాత సెమియోన్‌లో చాలాభాగం పీకేస్తారు. అర్జెంటీనా అంటే అమెరికాలో ఎర్ర వైనే అమ్ముడుపోతుందని మావాళ్ల లెక్క. ఎర్ర ద్రాక్ష నాటి, పక్కన ఇళ్లు కట్టి, ఇంటింటికీ స్విమ్మింగ్ పూల్ పెడతారు. బోర్లలో నీటిమట్టం ఏటా దిగుతోంది. కాలవ నీళ్లు వీటన్నిటికీ చాలవని నా రిపోర్ట్‌లో రాయబోతున్నాను.

ఎవరికీ చెప్పకండి. మీరొక్కరే మెల్లగా బయటికి వచ్చేయండి.

అబీ

ట్రాయ్,
నవంబర్ 24, 2024

అబిగేల్‌కు,

“మీరొక్కరే మెల్లగా బయటికి వచ్చేయండి” అని రాశావు. వినయ్ నా మాట మీద చేరాడు, ఆ మూడు కుటుంబాలూ నా మాట మీదే చేరాయి. వాళ్లని లోపల ఉంచి నేను తలుపు తీసుకుని పోవాలా? నీకు తెలిసిన మామయ్య అలాంటివాడా?

ఇంకో సంగతి దాచాను. మణి చెప్పమంటోంది. తోట విషయం నేనే సంఘంలో చెప్పాను, దాచేదేముందని. ఇప్పుడు కమిటీలో ఒకరు లేచి, వైన్ తోటలో వాటా ఉన్న మనిషి ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే సేవ ఎలా చేస్తాడని అడిగారు. పాస్టర్ గారు మెత్తగానే అన్నారు, “కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి రాజు గారూ” అని. ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి వెనక వరసలో కూర్చున్నాను. చెవి వినపడని సంగతి అక్కడ బాగా తెలిసింది. ముందు నిలబడితే పెదాలు చూసి గ్రహించేవాణ్ణి.

నువ్వు నా గురించి సిగ్గుపడుతున్నావేమో, ముసలాడు అత్యాశకి పోయాడని. నాకు ఆశ లేదు తల్లీ. నువ్వు చూసింది నేనూ చూడాలనిపించింది.

అది పక్కనపెట్టు. నీళ్లు చాలవని రాస్తానన్నావు. ఎవరికి చాలవు? నువ్వు కాలవ చివరిదాకా వెళ్లావా? మా ఊరిది శివారు భూమి. కాలవ మొదట్లో నిలబడి కొలిచిన ఇంజనీరుకి నీళ్లు బ్రహ్మాండంగా కనిపించేవి. మా దాకా వచ్చేసరికి అడుగున బురద, అందులో కప్పలు. ఆ తోట కింద ఇంకెన్ని తోటలున్నాయి? వాళ్ల వంతులో ఏం వస్తోంది? నీ ఉత్తరాల్లో ఆ మాట లేదు.

రత్నరాజు

అల్ఫారెట్టా,
జనవరి 19, 2025

ప్రియమైన మామయ్యా,

వందనాలు. ఇన్నాళ్లూ రాయలేదంటే కోపం వచ్చి కాదు. మీ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, అందుకని. నేను కాలవ చివరికి వెళ్లలేదు. సిగ్గుపడింది దానికి. మీ గురించి ఎప్పుడూ కాదు.

క్రిస్మస్ అయ్యాక సెలవు పెట్టి, నా ఖర్చుతో మళ్లీ వెళ్లాను. ఎండలు మండిపోతున్నాయి. కాలవ గట్టు పట్టుకుని నడిచాను. చివర చిన్న చిన్న తోటలున్నాయి. ఒక దాంట్లో డెలియా అనే ఆవిడ, అరవై దాటాయి, గొర్రు పట్టుకుని కాలవలోంచి ఎండుటాకులు లాగుతోంది. ఆవిడదీ పాత సెమియోనే. సిమెంటు తొట్టెల్లో తనే వైన్ చేసుకుంటుంది. వచ్చీరాని స్పానిష్‌లో పలకరించాను.

“కొనడానికి వచ్చావా?” అంది.

“కాదు, నీళ్లు కొలవడానికి.”

“ఎవరి తరఫున?”

నేనూ వంగి ఒక పిడికెడు ఆకులు లాగాను. ఆవిడే మళ్లీ అంది, “పైన పెద్ద తోటలో మోటార్లు పెట్టినప్పటి నుంచి నా వంతు రోజున ముందు ఆకులొస్తాయి. నీళ్లు తర్వాత వస్తాయి, వస్తే.” ఆవిడ వంతు రోజుదాకా ఆగి కొలిచాను. కాగితం మీద ఆవిడకి రావలసిన దాంట్లో సగం కూడా రాలేదు. ఇంకా ఇళ్లు కట్టకముందే ఇది!

తిరిగొచ్చి మొత్తం రాశాను. మా మేనేజర్ అన్నాడు, “ఆ తోటలు మనం కొనడం లేదు కదా, వాటి గోల మన రిపోర్ట్‌లో ఎందుకు?” నేనన్నాను, “కాలవ మీద వాళ్లకీ హక్కుంది. రేపు కోర్టుకి వెళితే మన ఇళ్లు మధ్యలో ఆగుతాయి. పార్ట్‌నర్లందరికీ ఇది వెళ్లాలి. తీసేస్తే నా పేరు కూడా తీసేయండి.” వారం రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. చివరికి మార్చకుండానే పంపారు. కౌస్తుభ్‌కి కూడా వెళ్లింది. వాటాదారులుగా మీరు అడిగితే అతను చూపించి తీరాలి. ఇప్పుడు వినయ్ అంకుల్‌కి కూడా చెప్పొచ్చు.

అమ్మకి వైన్ సంగతి చెప్పేశాను. వైన్ అన్నందుకు ఏమీ అనలేదు. “మీ మామయ్యకి సెప్టెంబర్‌లోనే తెలుసా?” అని ఒక్కటే అడిగింది. ఆ తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. మీరే ఒకసారి మాట్లాడాలి, అరిచైనా సరే.

ప్రేమతో,
అబీ

ట్రాయ్,
ఫిబ్రవరి 16, 2025

అబీ తల్లికి,

ఆశీస్సులు. ఇక్కడ డ్రైవ్‌వేలో మోకాలి లోతు మంచు. మీ అమ్మ శాంతితో మాట్లాడాను. ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత హియరింగ్ ఎయిడ్ పెట్టుకోమంది. పెట్టుకున్నాను. ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలీదు.

మొన్న శనివారం వాటాదారులందరితో జూమ్ మీటింగ్. ఎందుకైనా మంచిదని తెర మీద అక్షరాలు పడేలా మణి సెట్ చేసింది. అది సెమియోన్‌ని సాల్మన్ అని రాస్తోంది. మొదటి పావుగంట ఇదేదో చేపల చెరువు మీటింగ్ అనుకున్నాను. కౌస్తుభ్ కొండలు చూపించాడు, ఇళ్ల బొమ్మలు చూపించాడు. నీళ్లకి ఒకే ఒక స్లైడ్. నీ రిపోర్ట్ అందరికీ చూపించమన్నాను. “అంకుల్, అది చాలా టెక్నికల్” అన్నాడు. “నేను ఇంజనీర్నే బాబూ, చూపించు” అన్నాను. చూపించాడు.

“కింద శివారు తోటలకి నీళ్లు అందకపోతే ఏం చేస్తాం?” అని అడిగాను.

“అది మన ఫెన్స్ బయట అంకుల్.”

“కాలవకి ఫెన్స్ ఉంటుందా?”

తర్వాత ఒక్కొక్కరే మైకులు తెరిచారు. సగానికి పైగా తప్పుకుంటామన్నారు. రెండు రోజులకి మీ కంపెనీయే వెనక్కి తగ్గిందని మెయిల్ వచ్చింది. మా డబ్బు మాకు తిరిగి ఇచ్చేస్తారట.

గెలిచానని సంబరపడలేదు. మీటింగ్ అవగానే వినయ్ ఫోన్ చేశాడు. “రమ్మన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. ముందు నాకు చెప్పడానికి ఏమైంది? అందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేశావు” అన్నాడు. రిపోర్ట్ సంగతి అతనికి ముందు రోజు చెబుదామనుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలీక ఊరుకున్నాను. తను చర్చికి వస్తున్నాడు గానీ నన్ను దాటి వెళ్లిపోతున్నాడు. వాటా పోయింది కాబట్టి బల్ల సేవకి మళ్లీ రమ్మన్నారు పాస్టర్ గారు. వినయ్‌తో మాట కలిశాక వస్తానన్నాను.

డెలియా గారి తొట్టెలు ఎంత లోతుంటాయి? మూతలు పెడతారా?

మామయ్య

అల్ఫారెట్టా,
ఏప్రిల్ 27, 2025

ప్రియమైన మామయ్యా,

వందనాలు. ఇక్కడ కార్ల మీద పైన్ పుప్పొడి ఇప్పుడిప్పుడే తగ్గింది. నా మనసు బాగా లేదు. డెలియా మెసేజ్ పంపింది. మేం వద్దన్న తోటని ఇంకో దేశపు కంపెనీ కొనుక్కుంది. మొత్తం కాదు, పై సగం. కోత అవగానే బుల్డోజర్లు వచ్చాయట. నేను మీకు రాశానే, నడుమంత లావు మొదళ్లని, అవన్నీ కుప్ప పోసిన ఫొటో పంపింది. కట్టెలుగా అమ్మేస్తున్నారు. కింది సగం ఎవరూ కొనలేదు. డెలియా, ఇంకో ఇద్దరు పక్కవాళ్లు దాన్ని కౌలుకి తీసుకున్నారు.

మేమే కొని ఉంటే నేను లోపల ఉండి పోట్లాడేదాన్నేమో, కొన్ని వరసలైనా మిగిల్చేదాన్నేమో. నిజం రాసి మాకంటే చెడ్డవాళ్లకి దారిచ్చానేమో. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు, మళ్లీ బాదం తోటలకి మార్చారు. చేసింది మంచిపనేనా మామయ్యా?

జనవరిలో డెలియా ఇచ్చిన సీసా ఒకటి నా దగ్గరుంది. పారేయలేను, ఒక్కదాన్నే తాగలేను. వచ్చే వారం డెట్రాయిట్‌లో పని ఉంది. మీ ఇంట్లో పెట్టి వెళ్తాను. మీరు తెరవకపోయినా పర్లేదు.

అబీ

ట్రాయ్,
మే 18, 2025

అబీ తల్లికి,

ఆశీస్సులు. నువ్వొచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయింది.

నీ ప్రశ్నకి జవాబు నువ్వు ఇక్కడున్నప్పుడు చెప్పలేకపోయాను. “నువ్వు రాయకపోతే కింది సగం కూడా పోయేది” అంటే నీకు ఊరటగా ఉంటుంది. కానీ అది నిజమో కాదో నాకు తెలీదు, అందుకని అనను. నువ్వు కొలిచింది కొలిచినట్టు రాశావు. ఆ తర్వాత జరిగింది మన చేతిలో లేదు. దాని గురించి బాధపడటం తప్పని మాత్రం నేననను. ఆ ఫొటో చూసి నాకూ అన్నం సహించలేదు.

నువ్వు వెళ్లిన రెండో రోజు వినయ్ ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తీశాడు. “నీకు ముందు చెప్పకపోవడం తప్పే, ధైర్యం చాలలేదు” అన్నాను. లోపలికి రమ్మనలేదు. ఆ ఫొటో చూపించాను. మొదళ్ల కుప్ప చూసి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, “ఇందులో మనవి ఏవి?” అన్నాడు. “మనవి ఏవీ కావు” అన్నాను. అప్పుడు తలుపు పూర్తిగా తీశాడు.

నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వంటింటి బల్ల మీద సీసా తెరిచాం. మణి ముందు వాసన చూసింది, “మైనం కాదు, మామిడి జీడి” అంది. నాకు తడి మట్టి కూడా తగిలింది. వినయ్ ఒక చెంచాడు తాగి మొహం చిట్లించాడు, మళ్లీ ఒక చెంచా పోసుకున్నాడు. నేను తాగలేదు. తాగనని నీకు తెలుసు. కానీ గ్లాసు నా ముందే పెట్టుకుని, వినయ్ వెళ్లేదాకా వాసన చూస్తూ కూర్చున్నాను. డెబ్బై ఏళ్ల కిందట ఎవరో నాటిన చెట్టు, మంచు నీళ్లు తాగి, ఇంత సంగతి మోసుకొచ్చిందా అనిపించింది.

వినయ్ ఉన్నట్టుండి, “జనవరిలో అక్కడ బాగా ఎండలా?” అని అడిగాడు. కంప్యూటర్ తెరిచి టికెట్లు చూశాం. మణి తన పాస్‌పోర్ట్ వెతికి తెచ్చుకుంది. డెలియా గారిని అడుగు, ముగ్గురు ముసలివాళ్లు గట్టు మీద నడుస్తామంటే ఆవిడకి ఇబ్బందా అని. కొనడానికి కాదని ముందే చెప్పు. ఆకులు తీయడానికి ఇంకో మూడు గొర్రులు దొరుకుతాయేమో కనుక్కో. నువ్వూ సెలవు పెట్టు.

నీ రాక కోసం చూసే,
రత్నరాజు మామయ్య